డిసెంబర్ 20న కొని జనవరి 2న అమ్మితే లాభం గ్యారంటీనా?

ప్రశ్న: అన్నా, నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, ఐటీ ఉద్యోగం. బోనస్ మూడు లక్షలు చేతికొచ్చింది. డిసెంబర్ 20 ప్రాంతంలో నిఫ్టీలో పెట్టి జనవరి 2న తీసేస్తే శాంటా ర్యాలీలో లాభం గ్యారంటీ అని మా టెలిగ్రామ్ గ్రూపులో ఒకటే గోల. నష్టాల్లో ఉన్న షేర్లను డిసెంబర్ 31లోపు అమ్మేస్తే పన్ను కలిసొస్తుందని కొలీగ్ అంటున్నాడు. కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు కూడా కొన్ని ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు:

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ గ్రూపువాళ్ళు చెప్పేది పూర్తిగా గాలిమాటేమీ కాదు. అయితే అందులో ఉన్న నిజం అమెరికాది, అక్కడి పన్ను చట్టానిది. దాన్ని నమ్మి ఇక్కడ మూడు లక్షలు పెడితే, అంతా అనుకున్నట్టే జరిగినా నీకు మిగిలేది రెండు మూడు వేలు. జరక్కపోతే ఒక్క రోజులోనే అంతకంటే ఎక్కువ పోతుంది. కొలీగ్ చెప్పిన డిసెంబర్ 31 కూడా అమెరికావాళ్ళ గడువే, నీ గడువు మార్చి 31. నీ అమెరికా షేర్ల విషయంలో మాత్రం డిసెంబర్ 31తో నిజంగానే పనుంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

శాంటా ర్యాలీ అనే మాటను ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడేస్తున్నారు గానీ దానికి ఒక కచ్చితమైన కొలత ఉంది. యేల్ హిర్ష్ అనే ఆయన 1972లో తన స్టాక్ ట్రేడర్స్ ఆల్మనాక్‌లో పెట్టిన కొలత అది. పాత ఏడాదిలో ఆఖరి ఐదు ట్రేడింగ్ రోజులు, కొత్త ఏడాదిలో మొదటి రెండు, మొత్తం ఏడు రోజులు. 1950 నుంచి లెక్కేస్తే ఆ ఏడు రోజుల్లో అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500 సగటున 1.3 శాతం పెరిగింది. నాలుగేళ్ళలో మూడేళ్ళకు పైగానే లాభంతో ముగిసింది. ఏడు రోజులకు అది పెద్ద అంకే, కొట్టిపారేయలేం. డిసెంబర్ మొదటి వారంలో మార్కెట్ కాస్త లేవగానే శాంటా వచ్చేశాడని టీవీలో ఊదరగొట్టేవాళ్ళకు ఈ ఏడు రోజుల సంగతి పట్టదు.

హిర్ష్ దీన్ని కొనుగోలు చిట్కాగా కంటే హెచ్చరికగా ఎక్కువ వాడాడు. ఆ ఏడు రోజుల్లో మార్కెట్ పెరగకపోతే ముందు ముందు బేర్లు, అంటే ధరల్ని కిందికి లాగే అమ్మకందార్లు, దిగుతాయని ఆయన మాట. 1999–2000లో ఆ వారం సుమారు 4 శాతం పడింది, తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది. 2007–08లోనూ పడింది, తర్వాత వచ్చిన ఆర్థిక సంక్షోభం అందరికీ తెలిసిందే. ఈ రెండు ఉదాహరణలూ ప్రతి డిసెంబర్‌లో ఎవరో ఒకరు తిరిగి చెబుతూనే ఉంటారు. 2023–24 మాత్రం ఎవరూ ఎత్తరు. అప్పుడూ ఆ ఏడు రోజులూ నష్టమే, కానీ 2024 మొత్తం మీద ఎస్ అండ్ పీ 23 శాతం పెరిగింది. 2024–25లో కూడా ఆ వారం నష్టంతోనే ముగిసింది. అంటే వరసగా రెండేళ్ళు ఆ వారం కలిసిరాలేదు, అమెరికా మార్కెట్ మాత్రం కూలలేదు.

అసలు అక్కడ అలా ఎందుకు పెరుగుతుందో తెలిస్తే, ఇక్కడ అదే కొలత ఎందుకు పట్టుకోకూడదో తెలుస్తుంది. అమెరికాలో మామూలు మనిషికి పన్ను సంవత్సరం డిసెంబర్ 31తో ముగుస్తుంది. నష్టాల్లో ఉన్న షేర్లను ఆలోపు అమ్మి, ఆ నష్టాన్ని లాభాల్లోంచి తగ్గించుకుంటారు. ఈ అమ్మకాలు నవంబర్, డిసెంబర్‌లలో జోరుగా సాగుతాయి, ఏడాదంతా దెబ్బతిన్న షేర్లు ఇంకా కిందికి పోతాయి. అమ్మిన షేర్‌ను 30 రోజుల్లోపు మళ్ళీ కొంటే ఆ నష్టం పన్నులో చెల్లదని అక్కడ ఒక నిబంధన కూడా ఉంది. అందుకే అమ్మినవాడు వెంటనే తిరిగి కొనడు. నెల చివరికొచ్చేసరికి అమ్మేవాళ్ళు అయిపోతారు. పెద్ద ఫండ్ల డెస్కుల్లో సగంమంది సెలవుల్లో ఉంటారు. వాల్యూమ్ (చేతులు మారే షేర్ల సంఖ్య) పలచబడిన మార్కెట్లో కాస్త కొనుగోలు వచ్చినా ధర గబుక్కున లేస్తుంది. చిన్న కంపెనీల్లో ఇది మరీ ఎక్కువ. జనవరి ఎఫెక్ట్ అని పుస్తకాల్లో కనిపించేది ఇదే. సిడ్నీ వాక్‌టెల్ 1942లోనే దీని గురించి రాశాడు, 1976లో రోజెఫ్, కిన్నీ అనే ఇద్దరు పరిశోధకులు అంకెలతో చూపించారు.

అలా అందరికీ తెలిసిపోయిన తర్వాత ఏమవుతుంది? సంక్రాంతికి బెంగళూరు కళాసిపాళ్యం నుంచి మన ఊళ్ళకు వెళ్ళే బస్సుల్లో రేట్లు మండిపోతాయని తెలుసు కాబట్టి జనం నవంబర్‌లోనే బుక్ చేసేస్తారు, దాంతో నవంబర్‌లోనే రేట్లు పెరుగుతాయి. జనవరి ఎఫెక్ట్‌కూ అదే గతి పట్టింది. జనవరిలో పెరుగుతుందని తెలిసినవాళ్ళు డిసెంబర్‌లోనే కొనడం మొదలుపెట్టారు, లాభం ముందుకు జరుగుతూ, పలచబడుతూ వచ్చింది. మెక్‌లీన్, పాంటిఫ్ అనే ఇద్దరు 2016లో ఇలాంటి మార్కెట్ నమూనాలు 97 తీసుకుని పరిశీలిస్తే, పరిశోధన పత్రం అచ్చయ్యాక వాటి లాభం సగానికి పైగా తగ్గినట్టు తేలింది. టెలిగ్రామ్ గ్రూపు దాకా వచ్చిన నమూనాలో ఎంత మిగిలి ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. పన్ను కోసం నష్టానికి అమ్మే హడావిడి ఇక్కడ మార్చిలో ఉంటుంది. డిసెంబర్‌లో అమ్మి తీరాల్సిన అవసరం దేశంలో ఉన్న ఇన్వెస్టర్‌కు లేదు. ఏడు రోజుల కొలత కూడా ఇక్కడ సరిగ్గా అమరదు. డిసెంబర్ 25న రెండు చోట్లా సెలవే గానీ, జనవరి 1న న్యూయార్క్ మూసి ఉంటుంది, మన స్టాక్ ఎక్స్‌చేంజ్ ఎన్ఎస్ఈ మామూలుగా నడుస్తుంది. పైగా అక్కడ ఫండ్ల పోర్ట్‌ఫోలియోలు మూడు నెలలకొకసారి బయటపడతాయి కాబట్టి ఏడాది చివర మంచి షేర్లు కొని అద్దంలో అందంగా కనిపించాలనే తాపత్రయం ఉంటుందంటారు. మన మ్యూచువల్ ఫండ్లు ప్రతి నెలా పోర్ట్‌ఫోలియో చూపిస్తాయి, డిసెంబర్‌కు ప్రత్యేకత ఏమీ లేదు.

మరి మన మార్కెట్‌కు డిసెంబర్‌తో సంబంధమే లేదా అంటే, ఉంది. అది విదేశీ ఫండ్ల ద్వారా వస్తుంది. వాళ్ళ పుస్తకాలు డిసెంబర్ 31తో ముగుస్తాయి, వాళ్ళ బోనస్‌లు ఆ ఏడాది రిటర్న్ మీద ఆధారపడి ఉంటాయి, కొత్త ఏడాదికి ఏ దేశంలో ఎంత పెట్టాలో జనవరిలో మళ్ళీ సర్దుకుంటారు. 2020 డిసెంబర్‌లో వాళ్ళు మన షేర్లలో నికరంగా 62,000 కోట్లు పెట్టారు, నిఫ్టీ ఆ నెలలో దాదాపు 8 శాతం లేచింది. 2025 జనవరిలో 78,000 కోట్లు తీసుకుపోయారు. డబ్బు రావడం, పోవడం డాలర్ విలువను బట్టి, అమెరికా బాండ్ల వడ్డీని బట్టి జరుగుతుంది గానీ క్యాలెండర్‌లో తేదీని బట్టి జరగదు. ఇంకోవైపు మనవాళ్ళు నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే ఎస్ఐపీ డబ్బు 2024 డిసెంబర్ ఒక్క నెలలోనే 26,000 కోట్లు దాటింది. పదిహేనేళ్ళ కిందటి డిసెంబర్ లెక్కలు తీసి ఇప్పటికి పూస్తే కుదరదనడానికి ఇదొక కారణం. అప్పట్లో విదేశీయులు అమ్మితే కొనే నాథుడు లేడు.

ఇక డిసెంబర్ 20 సంగతి. ఈ తేదీ మీ గ్రూపుకు ఎక్కడ దొరికిందో నాకు తెలుసనే అనుకుంటున్నాను. 2020 నుంచి 2024 దాకా వరసగా ఐదేళ్ళు చూడు. 2020 డిసెంబర్ 21న బ్రిటన్‌లో కొత్త కరోనా రకం అని వార్త వచ్చి సెన్సెక్స్ 1,400 పాయింట్లకు పైగా పడింది. 2021 డిసెంబర్ 20న ఒమిక్రాన్ భయం, దాదాపు 1,190 పాయింట్లు. 2022 డిసెంబర్ 23న చైనాలో కేసులు, 980. 2023 డిసెంబర్ 20న రికార్డుల మీద రికార్డులు కొట్టిన మార్కెట్ మధ్యాహ్నం ఉన్నట్టుండి జారి 930. 2024 డిసెంబర్ 20న, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వచ్చే ఏడాది వడ్డీలు పెద్దగా తగ్గించమని చెప్పిన రెండు రోజులకు, 1,176. ఐదుకు ఐదు సార్లు క్రిస్మస్ ముందు గట్టి దెబ్బ. ఇంకా ఆసక్తికరం ఏమిటంటే, ఐదు సార్లూ అక్కడి నుంచి జనవరి 2 ప్రాంతానికి మార్కెట్ పైకే వచ్చింది. 2021లో నిఫ్టీ 16,614 నుంచి ఏడాది చివరికి 17,354కి చేరింది. 2024లో 23,587 నుంచి జనవరి 2కల్లా 24,188.

ఇది చూసిన ఎవడికైనా నోట్లో నీళ్ళూరతాయి. కానీ నువ్వు కోడ్ రాసేవాడివి, ఒక్క నిమిషం ఆలోచించు. ఐదు ఉదాహరణల డేటాతో నీ టీమ్‌లో ఏ మోడల్‌నైనా ప్రొడక్షన్‌కు పంపిస్తారా? పైగా ఆ ఐదు పతనాల్లో ఒకసారి 21, ఒకసారి 23. ముందు పడిన రోజును వెతికి, తర్వాత దాన్నుంచి కొలవడం మొదలుపెడితే ఏ నెలలోనైనా 'పడింది, లేచింది' అనే కథ తయారవుతుంది. పడిన రోజున అదే అడుగు అని ఎవరికీ తెలియదు. 2024లో 20వ తేదీ ఉదయం కొన్నవాడు సాయంత్రానికి ఒకటిన్నర శాతం నష్టంలో ఉన్నాడు. ఆ వారం మొదట్లోనే ర్యాలీ వచ్చేస్తుందని కొన్నవాడికి వారం తిరిగేసరికి దాదాపు 5 శాతం పోయింది. కారణాలు చూసినా అన్నింటినీ కలిపే దారం లేదు. మూడు సార్లు వైరస్, ఒకసారి లాభాల స్వీకరణ, ఒకసారి ఫెడ్. పలచటి వాల్యూమ్ అన్నింటిలోనూ ఉమ్మడి అనుకో, అది పడేటప్పుడూ లేచేటప్పుడూ రెండింటికీ పనిచేస్తుంది.

నెలవారీ సగటులు చూపించి ఫలానా నెల మంచిది, ఫలానా నెల చెడ్డది అనే చార్టులు కూడా నీకు పంపిస్తారు. వాటిని చదివేటప్పుడు ఒక్క పెద్ద రోజు సగటును ఎలా తిప్పేస్తుందో గుర్తుపెట్టుకో. మే నెల తీసుకో. 2004 మే 17న ఎన్నికల ఫలితాల తర్వాత సెన్సెక్స్ ట్రేడింగ్ ఆగేంతగా కూలి, చివరికి 11 శాతానికి పైగా నష్టంతో ముగిసింది. 2009 మే 18న మళ్ళీ ఎన్నికల ఫలితాలతోనే అప్పర్ సర్క్యూట్ (ఒక్క రోజులో పెరగనిచ్చే హద్దు) కొట్టి మార్కెట్ ఆగింది. ఈ రెండు రోజులకూ మే నెలకూ ఏ సంబంధం లేదు, ఓట్ల లెక్కింపుకు సంబంధం. 2023 డిసెంబర్ కూడా అంతే. నిఫ్టీ ఆ నెలలో దాదాపు 8 శాతం పెరగడానికి డిసెంబర్ 3న వచ్చిన నాలుగు రాష్ట్రాల ఫలితాలు ఒక పెద్ద కారణం, పది రోజుల తర్వాత ఫెడ్ మెత్తబడటం మరొకటి. ఆ ఫలితాల్లో మన తెలంగాణ కూడా ఉంది. శాంటాకు అందులో పాత్ర ఏమీ లేదు.

జనవరి 2న అమ్మేస్తాను కదా, తర్వాత ఏమైతే నాకేం అంటావేమో. అక్కడే చాలామంది జారిపోతారు. లాభం కనిపిస్తుంటే జనవరి 2న ఎవరూ అమ్మరు, ఇంకో వారం చూద్దాం అంటారు. 2008 జనవరి చూసినవాళ్ళను అడుగు. అమెరికాలో ఆ ఏడు రోజులు నష్టంతో ముగిసినా ఇక్కడ నిఫ్టీ ఆగకుండా పెరిగి జనవరి 8న 6,357ను తాకింది. బెంగళూరులో అప్పుడు ఏ ఆఫీస్ క్యాంటీన్‌లో చూసినా రిలయన్స్ పవర్ ఐపీఓ మాటలే. డీమ్యాట్ ఖాతా లేనివాడు కూడా పరుగెత్తి తెరిపించుకున్నాడు. జనవరి 21న సెన్సెక్స్ 1,408 పాయింట్లు పడింది, మర్నాడు పొద్దున్నే లోయర్ సర్క్యూట్‌తో గంటసేపు మార్కెట్ ఆగింది. ఫిబ్రవరి 11న ఆ ఐపీఓ షేర్ లిస్టింగ్ రోజే ఇష్యూ ధర 450 కంటే కింద ముగిసింది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే 2025 జనవరి. 2న సెన్సెక్స్ 1,436 పాయింట్లు లేచింది, ఇంకేముంది ర్యాలీ వచ్చేసిందన్నారు. 6వ తేదీ సోమవారం మన బెంగళూరులోనే ఇద్దరు పసిపిల్లలకు హెచ్ఎంపీవీ వైరస్ బయటపడిందనే వార్త వచ్చింది, సెన్సెక్స్ 1,258 పాయింట్లు పడింది. ఆ వైరస్ ఎప్పటినుంచో ఉన్నదే, కొత్తదేమీ కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. విదేశీ అమ్మకాలతో అప్పటికే బెదిరి ఉన్న మార్కెట్ వినలేదు.

ఇప్పుడు నీ మూడు లక్షల లెక్క వేద్దాం. అమెరికా సగటు 1.3 శాతం ఇక్కడా వస్తుందనే అనుకుందాం, లాభం 3,900. షేర్లు కొంటే కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్టీటీ (షేర్ల లావాదేవీల మీద పన్ను), అది 600 దాకా. స్టాంప్ డ్యూటీ 45. ఎక్స్‌చేంజ్ ఛార్జీలు, జీఎస్టీ, డీమ్యాట్ ఖాతాకు పడే డీపీ ఛార్జీ కలిపి ఇంకో 50 అనుకో, బ్రోకరేజీ సున్నా అనుకున్నా సరే. ఏడాదిలోపు అమ్మావు కాబట్టి 2024 జూలై 23 నుంచి ఉన్న రేటు ప్రకారం లాభం మీద 20 శాతం, దాని మీద సెస్, అది 790 ప్రాంతం. ఎస్టీటీని లాభంలోంచి తగ్గించి చూపించడానికి వీల్లేదు, ఇది చాలామందికి తెలియదు. మిగిలేది 2,400 చిల్లర. షేర్లకు బదులు నిఫ్టీ ఈటీఎఫ్ (నిఫ్టీని అనుసరిస్తూ, షేర్‌లా కొని అమ్ముకునే ఫండ్) అయితే ఎస్టీటీ దాదాపు లేనట్టే, అమ్మేటప్పుడు 0.001 శాతం మాత్రమే. అప్పుడు 3,000 దగ్గర మిగలొచ్చు. ఇది సగటు జరిగితేనే. 2024 డిసెంబర్ 20 లాంటి ఒక్క రోజు వస్తే 4,500 పోతుంది, ఆ వారం మొత్తం లాంటిది వస్తే 15,000. ఇంత చిన్న లాభం కోసం ఇంత ఊగిసలాట నేనైతే పెట్టుకోను.

గ్రూపులో ఎవరో ఒకరు ఇక్కడే ఆప్షన్స్ మాట ఎత్తుతారు. 1.3 శాతం లాభం చాలదు, కాల్ ఆప్షన్ (ధర పెరుగుతుందని కాసే పందెం లాంటిది) కొంటే అదే పదింతలు అని. వద్దు. క్రిస్మస్ సెలవు, వారాంతం కలిసిన వారంలో ట్రేడింగ్ రోజులు తగ్గుతాయి, ఆప్షన్ ధర, అంటే ప్రీమియం మాత్రం రోజు రోజుకీ కరుగుతూనే ఉంటుంది. అమ్మేవాళ్ళు ఆ సెలవు లెక్క ముందే ధరలో కలిపేస్తారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు. దీని మీద ఇంకేమీ రాయను.

డిసెంబర్, జనవరిలలో నిజంగా వేళకు జరిగే పనులు కొన్ని ఉన్నాయి, నువ్వు ఐటీలో ఉన్నావు కాబట్టి అవి నీకు బాగా పరిచయమే. అమెరికా క్లయింట్లు ఏడాది చివర ఆఫీసులు మూసేస్తారు, మన దగ్గర ఫర్లో అంటారు, బిల్లింగ్ ఆగుతుంది. అందుకే అక్టోబర్–డిసెంబర్ త్రైమాసికం ఐటీ సర్వీసెస్ కంపెనీలకు మామూలుగానే మందకొడి. డిసెంబర్ మూడో వారంలో పెద్ద విదేశీ ఐటీ కంపెనీ యాక్సెంచర్ ఫలితాలు వస్తాయి, వాళ్ళ త్రైమాసికం నవంబర్‌తో ముగుస్తుంది కాబట్టి మన కంపెనీలకంటే మూడు వారాలు ముందే సూచన దొరుకుతుంది, మర్నాడు మన ఐటీ షేర్లు అటో ఇటో ఊగుతాయి. జనవరి రెండో వారంలో టీసీఎస్, ఇన్ఫోసిస్ ఫలితాలు. ఫిబ్రవరి 1న బడ్జెట్, 2017 నుంచి అదే తేదీ. ఈ తేదీలన్నీ నిజమే, అవి ఎటు తిప్పుతాయో మాత్రం తేదీ చెప్పదు. ఇన్ఫోసిస్ ఫలితాల రోజున, అదీ వేర్వేరు సంవత్సరాల్లో ఏప్రిల్‌లోనే, ఒక్క రోజులో 20 శాతానికి పైగా పడిన సందర్భాలు 2003లోనూ 2013లోనూ ఉన్నాయి. ఫర్లో సంగతి నీకు తెలిస్తే ఆ షేర్ కొని అమ్మే ఎనలిస్టులకు అంతకుముందే తెలుసు. అది ధరలో కలిసే ఉంటుంది.

నన్నడిగితే నీ అసలు రిస్క్ వేరే చోట ఉంది. జీతం ఐటీ, బోనస్ ఐటీ, కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు ఐటీ, బహుశా డీమ్యాట్ తెరిస్తే అందులో సగం ఐటీ షేర్లే ఉంటాయి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల మనవాళ్ళ ఖాతాలు చాలా చూశాను, దాదాపు అందరిదీ ఇదే వరస. అమెరికాలో టెక్ మందగిస్తే ఉద్యోగం, బోనస్, పెట్టుబడి మూడూ ఒకే నెలలో దెబ్బతింటాయి. మూడు లక్షలు ఎప్పుడు పెట్టాలా అని ఆలోచించే సమయంలో సగం ఇటు పెట్టు.

దీపావళి నాటి ముహూరత్ ట్రేడింగ్ గురించి కూడా కొందరు ఇలాగే అడుగుతారు. బీఎస్ఈలో 1957 నుంచి ఉంది, ఏడాదికి గంట. ఇంట్లో లక్ష్మీపూజ చేసుకుని రెండు షేర్లు కొనుక్కోవడం బావుంటుంది, నేనూ కొంటాను. గంట వాల్యూమ్ చూసి ఏడాది జాతకం చెప్పేవాళ్ళను నవ్వి వదిలెయ్.

ఇక పన్ను. నీ భారతీయ షేర్లలో నష్టాలుంటే తొందరేమీ లేదు, మార్చి దాకా టైముంది. కాకపోతే మార్చి ఆఖరి వారంలో అందరూ అదే పని చేస్తారు, చిన్న షేర్లలో కొనేవాడు దొరకడు, ఫిబ్రవరి చివరే చూసుకో. స్వల్పకాలిక నష్టాన్ని స్వల్పకాలిక, దీర్ఘకాలిక లాభాలు రెండింటిలోంచీ తగ్గించుకోవచ్చు. దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభంలోంచి మాత్రమే. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ళు ముందుకు తీసుకెళ్ళొచ్చు, ఐటీఆర్ గడువులోపు వేస్తేనే. అమెరికాలో ఉన్న 30 రోజుల నిబంధన మన దగ్గర లేదు, అదే షేర్ మళ్ళీ కొనుక్కోవచ్చు. అయితే అమ్మిన రోజే కొనకు. ఒకే రోజు అమ్మి కొంటే అది ఇంట్రాడే లెక్కలోకి పోతుంది, డీమ్యాట్‌లోంచి షేర్ కదలదు, నువ్వు అనుకున్న నష్టం పుస్తకంలో నమోదు కాదు. మర్నాడు కొను. లాభాల వైపు కూడా ఒక వెసులుబాటు ఉంది. ఏడాది దాటిన షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దాకా లాభానికి పన్ను లేదు, దాటిన దానికి 12.5 శాతం. ఈ పరిమితి మార్చి 31తో మాయమైపోతుంది, వచ్చే ఏడాదికి కలవదు.

ఏడాది మధ్యలో పెద్ద లాభానికి ఏమైనా అమ్మి ఉంటే డిసెంబర్ 15 గడువు మర్చిపోకు. అప్పటికి అడ్వాన్స్ ట్యాక్స్‌లో 75 శాతం కట్టి ఉండాలి. కంపెనీ జీతం మీద టీడీఎస్ కోస్తుంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు, షేర్ల లాభం సంగతి కంపెనీకి తెలియదు.

నీ అమెరికా షేర్లకు డిసెంబర్ 31 ఎందుకు ముఖ్యమో ఇప్పుడు. ఐటీఆర్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ ఒక్కటే మన ఆర్థిక సంవత్సరాన్ని వదిలి జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా చూస్తుంది. ఆ పన్నెండు నెలల్లో ఒక్క రోజైనా నీ ఖాతాలో షేర్ ఉంటే చూపించాలి, డిసెంబర్‌కల్లా అమ్మేసినా సరే. ఆ ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబర్ 31న ముగింపు విలువ, వచ్చిన డివిడెండ్, అమ్మితే వచ్చిన డబ్బు అన్నీ అడుగుతుంది. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడే వీలుంది. 2024 అక్టోబర్ 1 నుంచి మొత్తం 20 లక్షల లోపు ఉన్న చర ఆస్తులకు ఆ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు గానీ చూపించాల్సిన బాధ్యత అలాగే ఉంది. ఈ షేర్లు 24 నెలలు దాటాకే దీర్ఘకాలికం, 12.5 శాతం. అంతకుముందు అమ్మితే లాభం నీ స్లాబ్ రేటులో కలుస్తుంది. 1.25 లక్షల మినహాయింపు వీటికి వర్తించదు. వెస్ట్ అయిన రోజు (షేర్లు నీ చేతికొచ్చిన రోజు) విలువ మీద జీతంలోనే పన్ను కోసేశారు కాబట్టి లాభం ఆ రోజు ధర నుంచి కొలవాలి, సున్నా నుంచి కాదు. జనవరి మొదటి వారంలో బ్రోకర్ సైట్‌లోకి వెళ్ళి డిసెంబర్ 31 నాటి స్టేట్‌మెంట్, ఏడాది లావాదేవీల ఫైల్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. ఉద్యోగం మారినవాళ్ళకు జూలైలో ఆ లాగిన్ పనిచేయక పడే అవస్థ చాలామంది దగ్గర చూశాను.

మూడు లక్షల విషయానికి నా మాట ఇది. ఏడాదిలోపు దీంతో పనుంటే, పెళ్ళో, అడ్వాన్సో, ఊళ్ళో ఇంటి పనో, షేర్లలో పెట్టకు, బ్యాంకు డిపాజిట్ చాలు. ఐదేళ్ళదాకా ముట్టుకోనంటే డిసెంబర్ 20న కొన్నా, జనవరి 20న కొన్నా పెద్ద తేడా ఉండదు, ఆరు నెలలకు విడగొట్టి ఇండెక్స్ ఫండ్‌లో వేసెయ్. ఈటీఎఫ్‌లోనే కొనాలనుంటే మాత్రం ఆ సెలవుల వారంలో ఎంత ధరకైనా కొనేసే మార్కెట్ ఆర్డర్ కొట్టకు. వాల్యూమ్ తక్కువున్న ఈటీఎఫ్‌లలో ధర అసలు విలువకు పైన తేలుతుంటుంది. ఫండ్ కంపెనీ సైట్‌లో ఐ-నావ్ (ఆ క్షణానికి యూనిట్ అసలు విలువ) ఎంతుందో చూసుకుని, దానికి దగ్గర్లో లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి కొననని ధర చెప్పే ఆర్డర్) పెట్టు.